తినని ఇంటి వాసాలు

వానలకు కొదవలేని ఒకానొక కొండసీమను ఉద్దండవర్మ అనే రాజు ఏలుతూ ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు, ఏడ్చేవాణ్ణి చూస్తే తానూ కళ్ళు తుడుచుకునేవాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. సామెతల జబ్బు.

"సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు" అని పెద్దలు ఊరికే అనలేదని ఆయన నమ్మకం. ధర్మశాస్త్రాలు తిరగెయ్యడానికి ఓపిక లేదు గాని, సామెతలు మాత్రం నాలుక చివరే ఉండేవి. ఎంత చిక్కు తగాదా వచ్చినా మీసం దువ్వి ఒక సామెత విసిరేవాడు. అదే తీర్పు.

ఒకసారి ఒక షావుకారు వచ్చి, తన మేనల్లుడే ఇంట్లో నగలు కాజేశాడని మొరపెట్టుకున్నాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఈశ్వరుడి వల్ల కానిది నా వల్ల అవుతుందా?" అని రాజు ఇద్దర్నీ పంపేశాడు. షావుకారు ఏడుస్తూ పోయాడు, మేనల్లుడు నవ్వుతూ పోయాడు. సభ మాత్రం "ఆహా, ఏమి తీర్పు!" అంటూ చప్పట్లు చరిచింది. చరవకపోతే తమ మీద ఏ సామెత వచ్చి పడుతుందోనని అందరికీ భయం.

ఆ కొలువులో మాచన్న అనే యువకుడు కొత్తగా చేరాడు. వెనక చుట్టం లేదు, సిఫారసు లేదు. ఒకనాడు కోటగుమ్మం దగ్గర నిలబడి, లోపలికి పోతున్న ధాన్యం బళ్ళను చూసి, మొత్తం ఎన్ని పుట్లో ఆఖరి బండి ఆగకముందే చెప్పాడు. కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉంది. అలా దొరికింది పద్దులు రాసే ఉద్యోగం. ఉండడానికి కోటలో ఒక మూల ఇచ్చారు గాని, తిండికి మాత్రం రెండు పూటలా నాంచారమ్మ పూటకూళ్ళ ఇంటికే పోయేవాడు.

నాంచారమ్మ చేతి ముక్కలపులుసు తిన్నవాడు మళ్ళీ తన ఇంటి పులుసును మెచ్చుకోడని ఊళ్ళో పేరు. భర్త పోయిన నాటి నుంచీ ఆవిడ పాత తాటాకుల పాకలోనే బాటసారులకు వండి వార్చింది. గరిటె గరిటెగా కూడబెట్టింది. ఈ ఏడు వేసవిలో పాక తీసేసి, పెద్ద పెంకుటిల్లు వేయించింది. కట్టినవాడు సామాన్యుడు కాడు. రాజుగారి వసంత మండపం కట్టి "అపర మయబ్రహ్మ" అని బిరుదు అందుకున్న ఓబళయ్య మేస్త్రి.

తొలకరి మొదలైన వారానికి ఒకనాడు మాచన్న భోజనానికి కూర్చున్నాడు. పప్పులో నెయ్యి వేసుకుని ముద్ద కలుపుతున్నాడో లేదో, పైనుంచి ఒక చినుకు 'టప్' మని విస్తట్లో పడింది. ఆ వెనకే ఇంకొకటి.

పక్క విస్తరి ముందున్న బండివాడు నవ్వాడు. "నాంచారమ్మా, చారు వేరే కాయకు. నీ ఇంట్లో కాసేపు కూర్చుంటే పప్పే చారవుతోంది!"

"నవ్వండి నాయనా, నవ్వండి," అంది నాంచారమ్మ గరిటె కింద పెట్టి. "రేపటిదాకా నవ్వండి. ఎల్లుండికి ఈ ఇల్లు నాదో ఆ మేస్త్రిదో!"

మాచన్న చెయ్యి ఆగిపోయింది. "అదేమిటి పెద్దమ్మా?"

ఆవిడ చెప్పుకొచ్చింది. ఆ సీమలో ఇల్లు కట్టే మేస్త్రికి, కప్పుకు వేసిన వాసాలను బట్టి డబ్బు ముట్టజెప్పడం ఆచారం. వాసానికి రెండు వరహాలు. కలపా కూలీ అన్నీ అందులోనే. అరవై వాసాల ఇంటికి నూట ఇరవై వరహాలని మాట. తొంభై ఇచ్చేసింది. తీరా వాన పడితే ఇల్లంతా జల్లెడ. అరవై వెయ్యవలసిన చోట వాసాలు తక్కువ వేసి, ఎడం ఎడంగా సర్దేశాడు. వాటి మీది బద్దలు బరువుకు కుంగి, పెంకులు నోళ్ళు తెరిచాయి. సరిచేస్తేగాని మిగతా ముప్ఫై ఇవ్వనంది. ఆయన పోయి రాజుగారికి ఫిర్యాదు చేశాడు. బాకీ అయినా ఇప్పించండి, ఇల్లయినా ఇప్పించండి అని.

"ఎన్ని వేశాడో నువ్వు చూసుకున్నావా?"

"నిద్ర పడితేగా నాయనా! పడుకుని పైకి చూడటం, లెక్కపెట్టడం, ఇదే పని. నలభై అయిదే ఉన్నాయి. రేపు సభలో ఆ ముక్కే చెబుతాను."

మాచన్న తల పైకెత్తబోయి దించేసుకున్నాడు. ఎందుకో ఆ 'లెక్కపెట్టడం' అన్న మాట అతడి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఏమిటా అని ఆలోచించేలోపల ఆవిడ పులుసు పోసింది. మరిచిపోయాడు.

మర్నాడు సభలో గుర్తొచ్చింది.

ఓబళయ్య తన ఫిర్యాదు చెప్పుకున్నాడు. భుజం మీద రాజుగారు కప్పిన శాలువా, మొహం మీద వారం రోజుల గడ్డం. తరవాత నాంచారమ్మ చేతులు జోడించి, "ప్రభూ, అరవై అని చెప్పి నలభై అయిదే వేశాడు. నా కళ్ళారా లెక్కపెట్టాను," అంది.

రాజు చెయ్యి మీసం మీదికి పోయింది. 'లెక్కపెట్టడం' అన్న మాట ఎందుకు గుచ్చుకుందో మాచన్నకు అప్పుడు తెలిసింది.

"ఏమమ్మా, నువ్వు అన్నం ఎక్కడ తింటావు?" అని అడిగాడు రాజు.

"మా ఇంట్లోనే ప్రభూ."

"ఏ ఇంటి వాసాలు లెక్కపెట్టావు?"

"మా ఇంటివే ప్రభూ."

"అంటే!" రాజు సింహాసనం మీద ముందుకు జరిగాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావన్నమాట! ఎంత ద్రోహం! ఆ పని చేసినవాణ్ణి లోకం ఏమంటుందో తెలుసునా?"

"అది నా ఇల్లే కద ప్రభూ..."

"ఎవరిదైతేనేం? తిన్నావా లేదా? సామెతకు తన ఇల్లు, పరాయి ఇల్లు అన్న తేడా లేదు!"

సభ చప్పట్లు చరిచింది. ఓబళయ్య కూడా చరిచాడు గాని, ఆ చప్పట్లలో అంత ఊపు లేదు.

చప్పట్లు వింటే రాజుకు ఇంకా హుషారు. "వినండి! నా రాజ్యంలో ఎవడైనా తాను తిన్న ఇంటి వాసాలు లెక్కపెడితే వంద వరహాల జరిమానా! ఇక ఈ తగాదా అంటారా, ఆవిడకు జరిమానా వదిలేస్తున్నాను గాని, ఆవిడ లెక్క చెల్లదు. లెక్క లేనప్పుడు మేస్త్రి మాటే లెక్క. పొద్దు గూకేలోగా ముప్ఫై వరహాలు చెల్లించు, లేదా ఇల్లు అప్పగించు."

నాంచారమ్మ చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడిపోయింది. పొద్దు గూకేలోగా ముప్ఫై వరహాలు ఆవిడకు ఎక్కణ్ణుంచి వస్తాయో మాచన్నకు తెలియనిదా? ఎక్కణ్ణుంచీ రావు.

నోరెత్తితే ఉద్యోగం ఊడుతుందేమో. ఎత్తకపోతే ఆవిడ వీధిన పడుతుంది. ఊడితే ఊడింది, మళ్ళీ ఏ కోటగుమ్మం దగ్గరో నిలబడి బళ్ళు చూసుకోవచ్చు అనుకుని లేచాడు.

"ప్రభూ, తమ తీర్పు విని నా చెవుల తుప్పు వదిలింది. ఒక్క చిన్న సందేహం. జరిమానా పద్దు రాసేవాణ్ణి నేనే కాబట్టి అడుగుతున్నాను. ఈ శాసనం కొందరికా, అందరికీనా?"

"ఏం ప్రశ్నోయ్ అది? అందరికీ!"

"మేస్త్రిగారికి కూడానా?"

"ఆయనకేం కొమ్ములా? ఆయనకూ అంతే."

మాచన్న ఓబళయ్య వైపు తిరిగాడు. "మేస్త్రిగారూ, ఆ ఇల్లు కట్టినన్నాళ్ళూ తమరు భోజనం ఎక్కడ చేశారు?"

"ఇంకెక్కడ బాబూ, నాంచారమ్మ దగ్గరే. పులుసుకు వంక పెట్టడానికి లేదు."

"తమరు వేసిన వాసాలెన్ని?"

"అరవై."

"లెక్కపెట్టే వేశారా?"

"లెక్కపెట్టకుండా వేస్తానా? ఎవరనుకున్నావు? అపర మయ..." అంటూనే ఓబళయ్య నాలిక కరుచుకున్నాడు.

మాచన్న గంటం తీశాడు. "ఓబళయ్య మేస్త్రి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినందుకు వంద వరహాలు."

"ఆగు బాబూ, ఆగు! లెక్కపెట్టలేదు. ఏదో చేతికందినవి అందినట్టు వేసుకుంటూ పోయాను!"

"ఓహో. అయితే జరిమానా కొట్టేస్తున్నాను." గంటం పక్కన పెట్టాడు. "మరి లెక్కే పెట్టనివారు, వాసానికి రెండు వరహాల చొప్పున నూట ఇరవై అని ఎలా అడుగుతున్నారు?"

ఓబళయ్య నోరు తెరిచాడు. నాంచారమ్మ ఇంటి పెంకులు కూడా అంత నోరు తెరవలేదు.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసం దువ్వుకున్నాడు. ఒక సామెతా రాలేదు. ఇంకోవైపు దువ్వుకున్నాడు. "ఇదేమి చిక్కోయ్! ఆవిడ లెక్కపెడితే తప్పు, ఈయన లెక్కపెట్టినా తప్పే. మరి వాసాలెన్నో తేల్చేదెవరు?"

"తినని వారు, ప్రభూ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు గాని, తినని ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని ఏ సామెతా అనలేదు."

"భేష్! ఆ ఇంట్లో భోజనం చెయ్యనివాడు లేచి రండి!"

ఎవరూ లేవలేదు. సేనాపతి తన చెప్పుల వంక చూసుకున్నాడు. కోశాధికారి పై కండువా సర్దుకున్నాడు. మంత్రిగారికి హఠాత్తుగా దగ్గు వచ్చింది. పురోహితుడు మాత్రం, "నేను... ఏకాదశినాడు తినలేదు," అని నసిగాడు.

రాజుకు ఆశ్చర్యం వేసింది. "ఒక్కడు కూడా లేడా?"

"ఉన్నారు ప్రభూ, ఒక్కరే ఒక్కరు. ఈ నగరంలో ఆ పులుసుకు నోచుకోనిది తమరు మాత్రమే."

రాజు మొహంలో గర్వమూ విచారమూ ఒకేసారి కనిపించాయి. గర్వమే గెలిచింది. "ధర్మం నిలబెట్టవలసింది రాజే! పల్లకీ తెప్పించండి!"

కొలువంతా వెంట రాగా, పల్లకీ పూటకూళ్ళ ఇంటి ముందు దిగేసరికి మధ్యాహ్నం దాటింది, చినుకులు పడుతున్నాయి. సభ జరిగినంతసేపూ రాజు ఏమీ తినలేదు. గడపలో కాలు పెట్టగానే, పల్లకీ కన్నా ముందే ఇల్లు చేరిన నాంచారమ్మ పొయ్యి మీంచి ఇంగువ పోపు ముక్కుకు తగిలింది. ఆకలితో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తే నాంచారమ్మ చేతులు ఊరుకోవు. తన ఇల్లు పోతోందన్న సంగతి కూడా మరిచి, విస్తరి వేసి, కందిపచ్చడి వడ్డించి, పులుసు పోసి, నెయ్యి గిన్నె పట్టుకొచ్చింది.

రాజు పీట మీద కూర్చోబోయాడు.

"ప్రభూ, వద్దు!" మాచన్న అడ్డం వచ్చాడు. "ఒక్క ముద్ద నోట పడితే ఇక తమరు కూడా తిన్నవారే. ఈ రాజ్యంలో లెక్కపెట్టేవారే ఉండరు."

రాజు గుటక మింగి, తల పైకెత్తాడు. "ఒకటి... రెండు... మూడు..."

ఇరవై ఏడు దగ్గర, వంటింట్లో గారె ఒకటి నూనెలో పడి 'సుయ్' మంది. రాజు చూపు అటు పోయింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ముప్ఫై నాలుగు దగ్గర చినుకు ఒకటి నేరుగా కంట్లో పడింది. మూడోసారి ఒక చెయ్యి ముక్కుకు, ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని మొత్తం లెక్కపెట్టాడు.

"నలభై అయిదు!"

మిగతా పదిహేనూ ఎక్కడైనా ఉన్నాయేమోనని తలుపు వెనక కూడా చూశాడు. లేవు. మొహం ఎర్రబడింది.

"ఓబళయ్యా! నన్నే మోసం చేస్తావా? ఎవరక్కడ! ఈ మేస్త్రిని తీసుకుపోయి కారాగారంలో..."

"వద్దు మహారాజా!" అని అడ్డుపడింది నాంచారమ్మే. "ఆయన్ను చెరలో పెడితే నా ఇంటి మిగతా వాసాలు ఎవరు వేస్తారు? పైగా నా చేతి అన్నం తిన్న మనిషి. పదిమంది కూలీలకు పెట్టాకగాని తాను విస్తరి ముందు కూర్చునేవాడు కాడు. అంత చెడ్డవాడని నేననుకోను."

ఓబళయ్య తల దించుకున్నాడు. శాలువా భుజం మీంచి జారింది.

"మేస్త్రిగారూ," అన్నాడు మాచన్న నెమ్మదిగా, "రాజుగారి వసంత మండపం కట్టింది మీరే. ఎంత వాన పడినా అందులో చుక్క కారదు. అంతటి పనివారు ఇక్కడ ఇలా ఎందుకు చేశారు?"

ఓబళయ్య జారిన శాలువా అందుకుని మడతపెట్టాడు.

"ఆ మండపానికి కలప అప్పు మీద తెచ్చాను బాబూ. కలపవాళ్ళు నా గుమ్మంలో కూర్చున్నారు. నాంచారమ్మ ఇచ్చిన డబ్బులో సగం వాళ్ళకే పోయింది. ఉన్నదాంతో ఎడం ఎడంగా సర్దాను. ప్రభువుల దగ్గరికి పోనిదీ లేదు. మొదటిసారి పోతే శాలువా కప్పారు. రెండోసారి పోతే బిరుదు ఇచ్చారు. మూడోసారి..."

"మూడోసారి ఏమన్నాను?" అన్నాడు రాజు.

"'నిదానమే ప్రధానం' అన్నారు ప్రభూ."

చినుకులు విస్తట్లో పడుతున్నాయి.

"పాత పద్దుల్లో ఇంకొకటి చదివాను ప్రభూ," అన్నాడు మాచన్న. "ఆ మండపం కోసమని రైతుల దగ్గర శిస్తు వసూలు చేసిన రోజున తమరు సెలవిచ్చింది. 'ఆలస్యం అమృతం విషం' అన్నారు. రెండూ మంచి సామెతలే. కాకపోతే పుచ్చుకునేటప్పుడు ఒకటి, ఇచ్చేటప్పుడు ఒకటి. ఆ రెండు సామెతల నడుమ సందులోంచే ఈ ఇంటి వాసాలు పదిహేనూ జారిపోయాయి."

సేనాపతీ పల్లకీ బోయీలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజు మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక లావుపాటి చినుకు రాలి ఆ మీసం కొసన వేలాడింది.

రాజు దాన్ని తుడుచుకుని, వేలి మీది తడి చూసుకుని, ముందు చిన్నగా, ఆ తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా బాకీయేనోయ్, నా బాకీయే! చుట్టూ తిరిగి వచ్చి నా మీసం మీదే కారింది! మాచన్నా, లెక్క నువ్వే తేల్చు."

"తేలికే ప్రభూ. వేసినవి నలభై అయిదు, వాసానికి రెండు చొప్పున తొంభై. నాంచారమ్మ ఇచ్చింది కూడా తొంభయ్యే. ఈ రోజుకి ఆవిడ ఒక్క కాసు కూడా బాకీ లేదు. తమరు మండపం బాకీ తీర్చండి. మేస్త్రిగారు పదిహేను వాసాలు వేసి పెంకులు సర్దిన రోజున ఆవిడ ముప్ఫై ఇస్తుంది. అప్పటికి గారెలు, పులుసు అమ్మి కూడబెట్టుకుంటుంది."

"ఈసారి గుండ్రాయిలాంటి వాసాలు వేస్తాను తల్లీ," అన్నాడు ఓబళయ్య, కళ్ళు ఒత్తుకుంటూ.

"వాసాలు గుండ్రాయిలా ఉండక్కర్లేదు, వాసాల్లా ఉంటే చాలు," అంది నాంచారమ్మ. "ముందు కూర్చో. పొద్దుట్నుంచీ తినలేదు నువ్వు. మొహం చూస్తే తెలియడం లేదూ?"

రాజు అప్పటికే పీట మీద ఉన్నాడు. తడిసిన విస్తరి తీసేసి ఇంకొకటి వెయ్యబోతే, "ఉండనీ, అదీ నా బాకీలో భాగమే," అని అందులోనే తిన్నాడు. పులుసు మూడుసార్లు పోయించుకున్నాడు. తృప్తిగా త్రేన్చి, అలవాటు కొద్దీ తల పైకెత్తాడో లేదో నాంచారమ్మ గరిటె ఎత్తింది.

"కిందికి చూసి తినండి మహారాజా! వంద వరహాలు!"

ఆ సాయంత్రమే ఆ శాసనం రద్దయినట్టు దండోరా వేశారు. మండపం బాకీ ఓబళయ్య ఇంటికి చేరింది. మూడు రోజుల్లో పదిహేను వాసాలూ ఎక్కాయి. ఆ తరవాత ఆ ఇంట్లో పప్పు పప్పులాగే, చారు చారులాగే ఉన్నాయి.

మరుసటి వారం నిండు సభలో రాజు మాచన్నను పిలిపించాడు. కోశాధికారి చేత ఒక ముఖమల్ సంచి తెప్పించి, "వంద వరహాలోయ్! అలాంటి శాసనం చేసినందుకు నా జరిమానా నేనే కట్టుకుంటున్నాను, తీసుకో," అన్నాడు.

మాచన్న దణ్ణం పెట్టి సంచి అందుకున్నాడు. అందుకుని, అక్కడే కూర్చుని, మూతి విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమోయ్! నా ఉప్పు తింటూ, నేనిచ్చినదే లెక్కపెడతావా?"

"సామెత వద్దన్నది వాసాలను, ప్రభూ. వరహాలను కాదు," అని మాచన్న ఆఖరి నాణెం కింద పెట్టాడు. "తొంభై నాలుగు."

కోశాధికారి పై కండువాతో మొహం తుడుచుకోసాగాడు.

"ఇంటి దొంగను..." అని రాజు మొదలుపెట్టాడు. మీసం మీద చెయ్యి ఆగింది. మాచన్న వంక చూశాడు. కోశాధికారి వంక చూశాడు. సభ అదిరేలా నవ్వాడు.

"ఈశ్వరుడు పట్టలేకపోతే పోనీ! మాచన్న పట్టాడు. కోశాధికారీ, ఆ తాళాలగుత్తి అతడి చేతికివ్వు!"

రాజు నవ్వుతూనే సభ చాలించి, పల్లకీ ఎక్కి, "నాంచారమ్మ ఇంటికి పోనివ్వండి," అన్నాడట.